12 సెకన్ల క్లిప్ చూసి నవ్వా... 20 ఏళ్ల కెరీర్ చదివి సిగ్గుపడ్డా!

2025 మార్చి 10, సోమవారం పొద్దున. అమీర్‌పేటలో మెట్రో మారి రాయదుర్గం వైపు వెళ్తున్నా. కూర్చోడానికి కాదు కదా, సరిగ్గా నిలబడటానికీ చోటు లేదు. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేతిలో ఫోన్. రీల్స్ పైకి తోస్తుంటే ఒక రేసు క్లిప్ వచ్చింది. అమెరికాలోని ఫీనిక్స్‌లో నాస్కార్ రేసు. ఒక కారు వెనక భాగం ఉన్నట్టుండి పక్కకు జారి గిర్రున తిరిగింది. వెనకాల వస్తున్న ఇంకో కారు తప్పించుకోలేక ఇరుక్కుపోయింది. మొత్తం 12 సెకన్లు. కింద క్యాప్షన్ ఏమిటంటే, తిరిగిన కారు నడిపింది ఒక ఆడమనిషి అని.

కామెంట్లు మీరు ఊహించుకోగలరు. మన రోడ్ల మీద స్కూటీ జోకులు ఎలా ఉంటాయో, ఇంగ్లిష్‌లో అవే. నేనూ ఒక నవ్వు ఎమోజీ పెట్టేశా. అంతటితో ఆగానా? మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పడేసి, 'చెల్లీ, నీ ఫ్యూచర్' అని రాశా.

మా చెల్లి ఖమ్మంలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు. వాళ్ల కాలేజీ గోకార్ట్ టీమ్‌లో డ్రైవర్. పావుగంట తర్వాత రిప్లై వచ్చింది. నవ్వు లేదు, తిట్టు లేదు.

"అన్నయ్యా, ఆవిడ ఎవరో తెలుసా నీకు?"

తెలీదు. ఆ సాయంత్రం తెలుసుకుందామని మొదలుపెడితే రాత్రి ఒంటిగంట అయింది. ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ రేసులు ఫాలో అవుతూనే ఉన్నా. ఆ రాత్రి చదివిందీ, ఆ తర్వాత చూసిందీ కలిపి ఇప్పుడు మీకు చెప్తున్నా. నాలాగే క్లిప్ చూసి నవ్వి ముందుకు తోసేసినవాళ్లు చాలామందే ఉంటారని నా నమ్మకం.

ఆఫీసు ముందు కూర్చుంది... కదల్లేదు

ఆవిడ పేరు కేథరిన్ లెగ్. 1980 జులై 12న ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో పుట్టింది. తొమ్మిదేళ్ల వయసులో కార్టింగ్ మొదలుపెట్టింది. తర్వాత బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్, ఫార్ములా రెనో, ఫార్ములా 3 లాంటి చిన్న సిరీస్‌లు. అక్కడిదాకా అందరు రేసర్ల కథే.

తర్వాతే అసలు గోడ అడ్డొచ్చింది. డబ్బు.

క్రికెట్‌లో బ్యాటు, ప్యాడ్లు కొనుక్కుంటే ఎలాగోలా గ్రౌండ్‌కి వెళ్లొచ్చు. రేసింగ్‌లో అలా కుదరదు. టైర్లు, ఇంజన్ రీబిల్డ్, మెకానిక్‌లు, ట్రాక్ అద్దె... ప్రతి ల్యాప్‌కీ ఎవరో ఒకరు బిల్లు కట్టాలి. ఆ కట్టేవాళ్లు లేకపోతే టాలెంట్ ఎంతున్నా ఇంట్లో కూర్చోవాల్సిందే. కేథరిన్ పరిస్థితీ అక్కడికే వచ్చింది. సీజన్ మధ్యలో డబ్బు అయిపోవడం, మళ్లీ ఎవర్నో పట్టుకోవడం.

అప్పుడు ఆవిడ చేసిన పని నాకు భలే నచ్చింది. ఇంజన్లు తయారుచేసే కాస్‌వర్త్ కంపెనీని 2004 చివర్లో కెవిన్ కాల్కోవెన్, జెరాల్డ్ ఫోర్సైత్ అనే ఇద్దరు వ్యాపారులు కొన్నారు. అమెరికాలో ఛాంప్ కార్ సిరీస్ కూడా వీళ్ల చేతుల్లోనే ఉంది. కేథరిన్ నేరుగా నార్తాంప్టన్‌లోని కాస్‌వర్త్ ఆఫీసుకి వెళ్లింది. అపాయింట్‌మెంట్ లేదు. కాల్కోవెన్‌ని కలిసేదాకా వెళ్లనని కూర్చుంది. చివరికి ఆయన కలిశాడు. టెస్ట్ ఇప్పించాడు. అది నచ్చి అమెరికాలో టయోటా అట్లాంటిక్ సిరీస్‌లో సీటు దొరికింది.

మనం ఉద్యోగాలు వెతుక్కునే రోజుల్లో ఎన్ని మెయిల్స్ పెట్టి ఉంటాం? రిప్లై రాకపోతే 'వాళ్లకి రిఫరల్ కావాలట' అనుకుని వదిలేసి ఉంటాం. నేనైతే అదే చేశా.

2005 ఏప్రిల్‌లో లాంగ్ బీచ్ వీధుల్లో ఆ సిరీస్‌లో మొదటి రేసు. గెలిచేసింది! ఉత్తర అమెరికాలో ఆ స్థాయి ఓపెన్ వీల్ రేసు గెలిచిన మొదటి మహిళ ఆవిడే. అదే ఏడాది ఎడ్మంటన్, శాన్ హోజేలో కూడా గెలిచి సీజన్‌లో మూడో స్థానం.

అదే సంవత్సరం నవంబర్‌లో ఇటలీలోని వల్లెలుంగా ట్రాక్‌లో మినార్డీ ఫార్ములా 1 కారు టెస్ట్ చేసే ఛాన్స్ వచ్చింది. మొదటి రోజు కొద్ది ల్యాప్‌లకే కారు అదుపు తప్పి పాడైంది. మర్నాడు మళ్లీ హెల్మెట్ పెట్టుకుని వచ్చి 27 ల్యాప్‌లు తిప్పింది. ఈ 'మర్నాడు మళ్లీ' అన్నది గుర్తుపెట్టుకోండి. ఆవిడ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముక్కలైన కారులోంచి నడుచుకుంటూ

2006లో ఛాంప్ కార్‌కి వెళ్లింది. మిల్వాకీలో రేసును కాసేపు లీడ్ చేసి, ఆ సిరీస్‌లో ఆ పని చేసిన మొదటి మహిళ అయింది. ఆ రోజు ఆరో స్థానంలో ముగించింది.

అదే సెప్టెంబర్‌లో రోడ్ అమెరికా ట్రాక్. అక్కడ 'కింక్' అని ఒక మలుపు ఉంటుంది. పేరు చిన్నదే, కానీ గంటకు 300 కిలోమీటర్లకు దగ్గర వేగంతో తిరగాల్సిన మలుపు. అక్కడికి వచ్చేసరికి కారు వెనక రెక్క ఊడిపోయింది. వెనక రెక్క పనేమిటో తెలుసు కదా, గాలి ఒత్తిడితో వెనక టైర్లను రోడ్డుకి అదిమి పట్టడం. అది లేకపోతే ఆ వేగంలో డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు. కారు అడ్డుగోడను గుద్దుకుని ముక్కలు ముక్కలుగా ఎగిరిపోయింది. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. చూస్తే మనిషి బతికే ఛాన్స్ లేదనే అనిపిస్తుంది.

కేథరిన్ కమిలిన దెబ్బలతో బయటికి వచ్చింది. డ్రైవర్ కూర్చునే కార్బన్ ఫైబర్ గుల్ల మాత్రం పగలకుండా నిలబడింది. మిగతా కారంతా ముక్కలై ఎగిరిపోవడం వల్లే గుద్దిన శక్తి డ్రైవర్ దాకా రాలేదు. ఇంజనీరింగ్‌లో మనం చదువుకున్న 'ఎనర్జీ అబ్సార్ప్షన్' అంటే ఇదే. పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ, దాని విలువ ఏమిటో ఆ వీడియో చూశాకే తెలిసింది.

ఆ తర్వాత యూరప్ వెళ్లి 2008 నుంచి 2010 దాకా జర్మన్ టూరింగ్ కార్ సిరీస్ డీటీఎంలో ఆడి కార్లు నడిపింది. చెప్పుకోదగ్గ ఫలితాలు రాలేదు. 2012లో మళ్లీ అమెరికా, ఈసారి ఇండీకార్. ఆ ఏడాది ఇండియానాపొలిస్ 500లో 22వ స్థానం. 2013లో చివరి నిమిషంలో సీటు దొరికి 26వ స్థానం. ఆ తర్వాత ఇండీ 500 తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోడానికి పదేళ్లు పట్టింది.

మధ్యలో మన హైదరాబాద్ వాళ్లకు తెలిసిన లింక్ ఒకటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? ట్రాఫిక్ డైవర్షన్లతో సిటీ అంతా తిట్టుకున్న వారం. నేను టికెట్ కొనుక్కుని వెళ్లా. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ సిరీస్ 2014 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో మొదలైనప్పుడు, చరిత్రలో మొట్టమొదటి ఫార్ములా ఈ రేసు గ్రిడ్‌లో కేథరిన్ కూడా ఉంది. నేను స్టాండ్స్‌లో కూర్చుని సెల్ఫీలు దిగిన సిరీస్‌కి పునాది రోజున ఆవిడ ట్రాక్ మీద ఉంది. నాకు మాత్రం 2025 దాకా పేరు కూడా తెలీదు.

అసలు ఇల్లు... స్పోర్ట్స్ కార్లు

ఓపెన్ వీల్ కార్లలో సీట్లు దొరకని ఆ పదేళ్లలో ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. అమెరికాలో ఇమ్సా అనే స్పోర్ట్స్ కార్ సిరీస్ ఉంది. డేటోనా 24 గంటల రేసు అందులోదే. ఇక్కడ ఒక్కరే డ్రైవర్ కాదు. ఒకే కారును ఇద్దరు ముగ్గురు వంతులవారీగా నడుపుతారు. అర్ధరాత్రి, వాన, నిద్రలేమి, పక్కనే వేరే క్లాసుల కార్లు రాకెట్లలా దాటేస్తుంటాయి. వేగం ఒక్కటే సరిపోదు, కారుని పక్కవాడికి పదిలంగా అప్పజెప్పాలి.

మొదట డెల్టావింగ్ అనే వింత కారు నడిపింది. ముందు భాగం సన్నగా బాణం మొనలా ఉంటుంది. చూస్తే ఇది మలుపు తిరుగుతుందా అనిపిస్తుంది. తర్వాత 2017లో మైఖేల్ షాంక్ టీమ్‌లో అక్యూరా ఎన్‌ఎస్‌ఎక్స్ జీటీ3 కారు. ఆ ఏడాది డెట్రాయిట్‌లో, వాట్కిన్స్ గ్లెన్‌లో క్లాస్ విజయాలు. 2018లో జీటీడీ క్లాస్ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. ఇది ఆడవాళ్లకు విడిగా పెట్టిన పోటీ కాదు, అందరితో కలిపి రెండో స్థానం!

2020 జులైలో ఫ్రాన్స్‌లోని పాల్ రికార్డ్ ట్రాక్‌లో టెస్టింగ్ జరుగుతుండగా పెద్ద యాక్సిడెంట్ అయింది. కాలు విరిగింది, మణికట్టుకీ దెబ్బ. వయసు 40. చాలామంది అక్కడితో చాలనుకుంటారు. 2021లో మళ్లీ పోర్షె కారులో ఇమ్సా సీజన్ మొదలుపెట్టింది.

2023లో పదేళ్ల తర్వాత ఇండీ 500 తలుపు తెరుచుకుంది. క్వాలిఫైయింగ్ అంటే నాలుగు ల్యాప్‌ల సగటు వేగం. కేథరిన్ సగటు గంటకు 231.070 మైళ్లు, అంటే దాదాపు 372 కిలోమీటర్లు. ఆ రేసు చరిత్రలో ఒక మహిళ సాధించిన అత్యధిక క్వాలిఫైయింగ్ వేగం అది.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. అదే వారం ప్రాక్టీస్‌లో ఆవిడ కారు ముందున్న స్టెఫాన్ విల్సన్ కారును వెనకనుంచి తాకింది. ఇద్దరూ గోడను గుద్దుకున్నారు. విల్సన్‌కి వెన్నుపూస విరిగి, రేసు పోయింది. ముందు కార్లు ఒక్కసారిగా నెమ్మదిస్తే వెనకున్నవాళ్లు స్పందించడానికి ఆ వేగంలో రెప్పపాటు కూడా ఉండదు. అయినా వెనకనుంచి తాకింది ఆవిడ కారే. ఈవిడ తప్పులే చేయని దేవత అని చెప్పడానికి నేను ఇది రాయట్లేదు. తప్పులు చేసింది. రేసర్లందరూ చేస్తారు. నా ప్రశ్న వేరే, దానికి వస్తా.

స్టాక్ కార్ అంటే ఏంటి, ఎందుకంత కష్టం?

'స్టాక్ కార్' అంటే మొదట్లో షోరూమ్‌లో దొరికే మామూలు కారే. ఆ పేరు అలా ఉండిపోయింది. ఇప్పటి నాస్కార్ కప్ కారు బయటికి కామ్రీలానో, మస్టాంగ్‌లానో కనిపిస్తుంది గానీ లోపలంతా రేసు కోసమే కట్టింది. దాదాపు 1450 కిలోల బరువు. జీటీ3 స్పోర్ట్స్ కారులో బ్రేకులు బిగుసుకోకుండా ఏబీఎస్, చక్రాలు జారకుండా ట్రాక్షన్ కంట్రోల్ ఉంటాయి. నాస్కార్‌లో అవేవీ ఉండవు. డ్రైవర్ పాదమే ట్రాక్షన్ కంట్రోల్.

ఇక ఓవల్ ట్రాక్. 'ఎడమవైపు తిప్పడమే కదా' అని మనమంతా జోకులేస్తాం. ఆ ఎడమ మలుపుల్లో కారు ప్రవర్తన రెండు రకాలు. 'టైట్' అంటే ముందు చక్రాలు పట్టు కోల్పోయి కారు తిరగనంటుంది. 'లూజ్' అంటే వెనక చక్రాలు పట్టు కోల్పోయి కారే మనల్ని తిప్పేస్తుంది. వానలో మెట్రో పిల్లర్ల కింద బురద మీద బైక్ వెనక చక్రం జారడం మీకు అనుభవమే కదా? అదే జారుడు, గంటకు 200 కిలోమీటర్ల వేగంలో, అటొకడు ఇటొకడు ఉండగా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా పక్కన కారు వెళ్తుంటే గాలి మారి, అప్పటిదాకా బాగున్న కారు కూడా లూజ్ అవుతుంది. ఇది పుస్తకంలో చదివి వచ్చే విద్య కాదు. చిన్నప్పటినుంచీ ఓవల్స్ మీద పెరిగినవాళ్లకు నడుం కింద తెలుస్తుంది. మామూలు వారాల్లో ప్రాక్టీస్ అరగంటకు మించి ఉండదు.

కేథరిన్ 2018లో నాస్కార్ రెండో స్థాయి ఎక్స్‌ఫినిటీ సిరీస్‌లో అడుగుపెట్టింది. రోడ్ అమెరికాలో, అంటే తన కారు ముక్కలైన అదే ట్రాక్‌లో, 14వ స్థానంలో ముగించింది. రోడ్ కోర్సులు ఆవిడకు పుట్టిల్లు. ఓవల్స్ అత్తారిల్లు.

2025 మార్చి 9న ఫీనిక్స్. ఒక మైలు ఓవల్, 312 ల్యాప్‌లు. కప్ సిరీస్‌లో మొదటి రేసు, చిన్న టీమ్, 44 ఏళ్ల వయసు. 2018లో డానికా పాట్రిక్ తర్వాత కప్ రేసులో ఒక మహిళ కనిపించడం అదే మొదటిసారి. రేసు మొదట్లోనే ఒకసారి తిరిగింది. తర్వాత ఇంకోసారి తిరిగినప్పుడు డేనియల్ సువారెజ్ కారు ఇరుక్కుంది. 30వ స్థానం. నా ఫోన్‌లోకి వచ్చిన క్లిప్ అదే.

విమర్శ ఎక్కడ ఆగాలి?

తర్వాత ఏప్రిల్‌లో రాకింగ్‌హమ్‌లో ఎక్స్‌ఫినిటీ రేసు. కేథరిన్ కారు నెమ్మదిగా ఉంది. ముందున్నవాళ్లు ఒక ల్యాప్ తేడాతో దాటేస్తున్నారు. మలుపులోకి వెళ్తుండగా వెనకనుంచి విలియం సవాలిచ్ కారు తగిలింది, ఈవిడ కారు తిరిగింది. వస్తున్న కేసీ కేన్‌కి తప్పించుకునే దారి లేక గుద్దాడు. కేన్ అభిమానులు ఎక్కువగా ఉన్న డ్రైవర్. ఏడేళ్ల తర్వాత నాస్కార్‌లో మళ్లీ దిగిన రేసు అది. ఇంకేముంది!

ఇందులో న్యాయమైన విమర్శ ఉంది. నెమ్మదిగా ఉన్న కారు తన లైన్ ఊహించేలా ఉంచాలి. ఓవల్ అనుభవం తక్కువున్నవాళ్లకు అనుమతి ఎలా ఇస్తున్నారని అడగొచ్చు. ఆ ప్రశ్నలు మగవాళ్ల మీద కూడా వేస్తారు, వేయాలి కూడా.

కానీ వచ్చింది అదొక్కటే కాదు. తన 'థ్రాటిల్ థెరపీ' పాడ్‌కాస్ట్‌లో కేథరిన్ చెప్పింది: చంపేస్తామని బెదిరింపులు వచ్చాయని, అసభ్యమైన లైంగిక కామెంట్లు వచ్చాయని. అదే మాటల్లో ఇంకోటి కూడా చెప్పింది, ఆ గ్రిడ్‌లో తన చోటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, తాను సంపాదించుకున్నదేనని.

అది విన్నాక నా ఎమోజీ గుర్తొచ్చింది. నేను బెదిరించలేదు, బూతు రాయలేదు. ఒక్క పసుపు నవ్వు మొహం, అంతే. కానీ అల్గారిదమ్‌కి అది నవ్వో ఏడుపో తెలీదు. ఒక రియాక్షన్ పడిందంటే ఇంకొంతమందికి చూపించు, అంతే. నేను రాసే కోడ్ కూడా ఇలాంటి లెక్కలే వేస్తుంది కాబట్టి నాకు ఇది బాగా తెలుసు. లక్షమంది ఒక్కో నవ్వు పడేస్తే, అసలు విషం రాసేవాడికి స్టేజీ కట్టి మైక్ ఇచ్చినట్టే. ఆ స్టేజీలో నాదీ ఒక కర్ర.

నా తప్పు ఒకటి చెప్తా

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం సాయంత్రం. చెయ్యకూడదని అందరికీ తెలిసిన టైమే. ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒకే ఒక్క లైను తప్పు పెట్టి డిప్లాయ్ చేసేశా. 40 నిమిషాలపాటు మా పేమెంట్ పేజీ తెరుచుకోలేదు. కాల్‌లో 14 మంది ఉన్నారు. నా చేతులు వణుకుతున్నాయి. రోల్‌బ్యాక్ చేశాం. సోమవారం కూర్చుని ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏ చెక్ పెట్టాలి అని రాసుకున్నాం. మేనేజర్ గట్టిగానే చెప్పారు. తప్పు నాదే, ఒప్పుకున్నా.

ఆ కాల్‌లో ఎవరూ 'అసలు ఈ మగపిల్లలకు కోడింగ్ ఎందుకు?' అనలేదు. ఆ ఆలోచన ఎవరికీ రానే రాదు. నా తప్పు నాది మాత్రమే అయింది, నా జాతి మొత్తానిది కాలేదు. ఈ సౌకర్యం నాకు ఉందని కూడా నాకు తెలీదు, మా చెల్లి అడిగేదాకా.

మా టీమ్‌లో ఒక అక్క ఉంది, నాకన్నా ఐదేళ్లు సీనియర్. ఈ సంగతి చెప్తే నవ్వింది. "అందుకే నేను ప్రతి లైనూ నాలుగుసార్లు చూస్తా. నువ్వు రెండుసార్లు చూస్తావు. నాకు అలా కుదరదు" అంది. ఏం అనాలో తెలీలేదు.

వేసవి చివరికి ఏమైంది?

కేథరిన్ ఇంటికి వెళ్లిపోలేదు. జూన్‌లో మెక్సికో సిటీ, అక్కడ 32. జులై 6న షికాగో వీధుల్లో కప్ రేసు. పేరుకే స్ట్రీట్ కోర్స్, రెండువైపులా కాంక్రీట్ గోడలు, ఒక్క అంగుళం లెక్క తప్పితే అయిపోయినట్టే. 19వ స్థానంలో వచ్చింది. తర్వాత జులై 27న ఇండియానాపొలిస్‌లో బ్రిక్‌యార్డ్ 400. ఓవల్! ఏ ఓవల్స్ మీద ఆవిడకు చోటు లేదన్నారో అదే రకం ట్రాక్. 17వ స్థానం. అప్పటికి ఆవిడకు కప్‌లో అదే బెస్ట్.

17 అంటే మనకు పెద్ద నంబర్‌గా అనిపించదు. పోడియం లేదు, ట్రోఫీ లేదు. అందుకే దాని క్లిప్ నా ఫోన్‌లోకి రానే లేదు. నేనే వెతుక్కుని చూశా. కారు తిరగడం వైరల్ అవుతుంది. 400 మైళ్లు తిరగకుండా నడపడం వైరల్ అవ్వదు. ఫోన్‌లో చూసి ఒక మనిషి గురించి నిర్ణయించేటప్పుడు మనం మర్చిపోయేది ఇదే. మనకు కనిపించేది వాళ్ల కెరీర్ కాదు, వాళ్ల కెరీర్‌లో బాగా షేర్ అయిన 12 సెకన్లు.

మా చెల్లి పోటీ

మొన్న డిసెంబర్‌లో చెల్లి వాళ్ల గోకార్ట్ పోటీకి వెళ్లా. ఆఫీసులో రెండు రోజులు లీవు పెట్టి మరీ. అమ్మ పులిహోర, చక్కినాలు కట్టిచ్చింది, టీమ్ మొత్తానికి సరిపడా. అక్కడికెళ్లాకే ఒక సంగతి తెలిసింది. ఏడాది కిందట వాళ్ల టీమ్‌లోనే కొంతమంది అబ్బాయిలు 'ఫొటోల కోసం ఒక అమ్మాయి ఉండాలి కదా, అందుకే తీసుకున్నాం' అన్నారట. చెల్లి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ సోమవారం నేను పంపిన మెసేజ్ ఎవరి మాటకి తోడయిందో అప్పుడు అర్థమైంది.

"చెప్పొచ్చు కదే" అన్నా.

"చెప్తే నువ్వూ నవ్వుతావేమో అనుకున్నా" అంది, చెయిన్‌కి ఆయిల్ పెడుతూ, నా వైపు చూడకుండా.

నేను నవ్విన వీడియో గ్రూపులోనే ఉంది కాబట్టి, కాదనడానికి నా దగ్గర మాటల్లేవు. సారీ చెప్పా. "సరేలే, ఆ పది నంబర్ స్పానర్ ఇటివ్వు" అంది.

ఎండ్యూరెన్స్ రౌండ్‌లో మూడో ల్యాప్‌కే కార్ట్ గిర్రున తిరిగింది. సరిగ్గా ఆ క్లిప్‌లోలాగే. నా పక్కన ఎవరో ఫోన్ ఎత్తి నవ్వారు. నేను ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చేశానని అనుకోకండి. "అన్నా, ఆగు, పూర్తిగా తియ్యి" అన్నా, అంతే. అతనికి నేనేమన్నానో అర్థమయ్యిందో లేదో గానీ, ఫోన్ దించలేదు.

చెల్లి కార్ట్‌ని సరిచేసుకుంది. వెనకొచ్చేవాళ్లు వెళ్లేదాకా ఆగి, మళ్లీ ట్రాక్‌లోకి వచ్చింది. చివరిదాకా నడిపింది. 26 టీముల్లో తొమ్మిదో స్థానం. కప్పు రాలేదు. రాత్రి టీమ్ మొత్తం కూర్చుని డేటా చూస్తూ, మూడో ల్యాప్‌లో బ్రేక్ ఎక్కడ ఆలస్యమైందో వెతుక్కున్నారు. తప్పు చెల్లిదే అని తేలింది. ఒప్పుకుంది. ఎవరూ ఇంకేమీ అనలేదు.

ఆ నవ్వు ఎమోజీ తీసేశా. దానివల్ల కేథరిన్ లెగ్‌కి ఒరిగేదేమీ లేదని తెలుసు. ఇప్పుడు ఏదైనా క్లిప్ చూసి వేలు నవ్వు మీదికి వెళ్తే మాత్రం మా చెల్లి అడిగిన ప్రశ్నే గుర్తొస్తుంది: ఎవరో తెలుసా నీకు? చాలాసార్లు తెలీదు. అప్పుడు ఊరికే పైకి తోసేస్తున్నా.